రోమ్‌లో లెక్క సరిపోయింది

యూరప్ టూర్లలో చాలావాటికి రోమ్ చివర్లో వస్తుంది. అది రోమ్ దురదృష్టం. లండన్‌లో దిగినరోజు ఎర్ర బస్సుకీ, ఎర్ర ఫోన్ డబ్బాకీ, ఆఖరికి చెత్తబుట్టకీ ఫోటోలు తీసిన జనం, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, స్విట్జర్లాండ్, వెనిస్, ఫ్లారెన్స్ దాటి రోమ్ చేరేసరికి బస్సు దిగడానికే బేరమాడతారు. "ఎంత నడవాలి? మెట్లున్నాయా? దిగకపోతే ఏసీ వేసి ఉంచుతారా?" అని మావాళ్లు మా టూర్ మేనేజర్ కుర్రాడిని అడిగింది కొలోసియం ముందు. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీన్ని ప్రారంభించి వంద రోజులు ఆటలు ఆడించాడని గైడమ్మ చెబుతోంది. మావాళ్లలో సగం మంది ఆ గోడ నీడ ఎటు పడుతుందో వెతుక్కుంటున్నారు.

ఆ చివరి రెండు రోజులూ అందరి ధ్యాసా సూట్‌కేసు బరువు మీదే. ఇరవై మూడు కిలోలు దాటితే ఎయిర్‌పోర్టులో డబ్బు కట్టాలి. స్విస్ చాక్లెట్లు, బ్లాక్ ఫారెస్ట్ కుకూ గడియారం, మురానో గాజు గుర్రం, ఫ్లారెన్స్ తోలు సంచి. కొన్నప్పుడు వీటిలో ఏదీ బరువు లేదు. కొక్కేనికి తగిలించి తూచే మెషీన్ గ్రూపు మొత్తానికీ ఒక్కటే ఉంది, నెల్లూరు డాక్టర్ గారి దగ్గర. రాత్రి పదింటికి ఆయన గది ముందు కారిడార్ పొడవునా సూట్‌కేసులతో క్యూ. క్లినిక్ ముందు కూడా ఎప్పుడూ ఇంత క్యూ చూడలేదని డాక్టర్ గారి భార్యే అంది.

బాత్రూంలో కమోడ్ పక్కన ఇంకో చిన్న పింగాణీ తొట్టి కనిపించడం మరో గొడవ. దేశాలన్నీ కాగితంతోనే నెట్టుకొచ్చిన మావాళ్లకి ఇటలీ కుళాయితో సహా బిడే, అంటే కూర్చుని కడుక్కునే తొట్టి, పెట్టి స్వాగతం పలికింది. ఇక్కడ ఇళ్ల బాత్రూంలో అది ఉండాలని 1975లో చట్టమే చేశారు. అసలు ఉపయోగం ఎవరూ చెప్పకపోవడంతో తలా ఒక రకంగా వాడుకున్నారు. వరంగల్ టీచరమ్మ అందులో చున్నీలు నానబెట్టారు. భీమవరం రొయ్యల ఆసామి అది కాళ్లు కడుక్కునే తొట్టి అనుకుని, "ఇంత నడిపిస్తారని వీళ్లకి ముందే తెలుసండీ" అంటూ పొద్దున్నా సాయంత్రమూ శ్రద్ధగా కాళ్లు కడుక్కున్నాడు.

ఇక బ్యాంకు బాబాయి గారి సంగతి. ఆయన పేరు గ్రూపులో ఎవరికీ గుర్తులేదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ చివర్లో ఆడిట్ చూసేవారట, ఆ అలవాటు ఇంకా రిటైర్ కాలేదు. జేబులో చిన్న డైరీ. బ్రోషర్‌లో రాసినదానికీ జరిగినదానికీ ఎక్కడ తేడా వచ్చినా తేదీ, టైముతో సహా అందులోకి ఎక్కుతుంది. "బ్రసెల్స్, సా. 4.10, వాఫిల్ అన్నారు, ఇవ్వలేదు." "ఇన్స్‌బ్రుక్, ఉ. 7.40, గుడ్లు అయిపోయాయి." జర్మనీ హైవే మీద టాయ్‌లెట్‌కి యూరో కట్టించుకుని, అక్కడి షాపులో వాడుకోమని కూపన్ చేతిలో పెడతారు. ఆయన ఆ షాపులో ఏమీ కొనలేదు. కూపన్లన్నీ గుండుసూదితో గుచ్చి డైరీలో దాచారు, రావలసిన బాకీల కింద.

ఆ డైరీ అంతా చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలోకి దిగుతుందని టూర్ మేనేజర్ కుర్రాడికి తెలుసు. దానిలో మార్కులు తగ్గితే తనకి వచ్చే సీజన్‌లో యూరప్ బదులు ఇంకేదో ఇస్తారని భయం. ఇంటర్లాకెన్ దాటినప్పటి నుంచీ బాబాయి గారికి రోజూ కిటికీ పక్క ముందు సీటు, పెరుగు రెండో కప్పు. బాబాయి గారు అవి కూడా రాసుకున్నారు. "పక్షపాతం" అనే పేజీలో.

టిప్పుల విషయంలోనూ అంతే. డ్రైవర్‌కీ గైడ్లకీ కలిపి మనిషికి ఇరవై యూరోలు కవర్లో వేయమంటే అందరూ వేశారు. ఆయన మాత్రం ఓచర్ లేకుండా పైసా కదలదన్నారు.

ట్రెవి ఫౌంటెన్ దగ్గర గైడమ్మ పని పట్టారు. 1732లో నికోలా సాల్వి మొదలుపెట్టాడు, 1762లో పూర్తయింది, కుడి చేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్లీ రోమ్ వస్తారు అని ఆవిడ చెప్పుకుపోతోంది. ఆ నాణేలు ఏడాదికి పదిహేను లక్షల యూరోల దాకా పోగవుతాయనీ, కారితాస్ అనే సేవాసంస్థకి ఇస్తారనీ అనగానే బాబాయి గారు చెయ్యెత్తారు. "లెక్కపెట్టేదెవరు? తూకమా, మెషీనా? విదేశీ నాణేలు ఏ రేటుకి కడతారు?" ఆవిడకి ఇంత లోతు ప్రశ్న ఎప్పుడూ ఎదురుకాలేదేమో, గొడుగు రెండో చేతిలోకి మార్చుకుంది. ఆయన జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, రెండుసార్లు చూసి, భుజం మీదుగా విసిరారు.

నన్నడిగితే ఆ ఒక్క రూపాయి కూడా ఎక్కువే. ఇండియా సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు, తరలిపోతున్నాయని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లీనీ ఇక్కడ గొణిగాడు. ఆ కాలపు రోమన్ బంగారు నాణేలు మన నాగార్జునకొండలోనూ దొరికాయి. ఫౌంటెన్ పక్క సందులో రెండు గరిటెల జెలాటోకి మా గ్రూపు వరసగా యూరోలు సమర్పించుకోవడం చూసి ఉంటే ప్లీనీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

ఆఖరి మధ్యాహ్నం వాటికన్. దేశం మొత్తం 44 హెక్టార్లేనని గైడమ్మ అంటే, భీమవరం ఆసామి ఎకరాల్లోకి మార్పించుకుని, "నూటతొమ్మిదా? మా వియ్యంకుడి చెరువులే అంతుంటాయి" అని తేల్చేశాడు. సిస్టీన్ చాపెల్‌లో మాట్లాడకూడదు, ఫోటో తీయకూడదు. ఈ రెండూ వద్దంటే ఇక చెయ్యడానికేముందన్నట్టు మావాళ్లు తల పైకెత్తి చూసి, మెడలు పట్టుకుని బయటపడ్డారు.

బ్యాంకు బాబాయి గారికి మాత్రం మొత్తం యూరప్‌లో వాటికనే నచ్చింది. సెయింట్ పీటర్స్ చౌక్ దగ్గర టాయ్‌లెట్‌కి డబ్బు తీసుకోరు. ఆ మాట తెలిసిన వెంటనే వెళ్లొచ్చారు, అవసరం లేకపోయినా ఇంకోసారి వెళ్లొచ్చారు. ఆ తరవాత బెర్నీని కట్టిన స్తంభాల వరసల దగ్గర నిలబడిపోయారు. 284 స్తంభాలని గైడమ్మ అంది కదా, సరిచూడాలి. "మీరు పదండి, నేను బస్సు దగ్గరికి వచ్చేస్తా" అన్నారు.

అక్కడ ఆయనలాగే వేలితో గాల్లో లెక్కపెడుతూ ఇంకో పెద్దమనిషి తగిలాడు. సూరత్ బట్టల వ్యాపారి, ముంబయి నుంచి వచ్చిన వేరే గ్రూపు. ఆయన్ని వాళ్లంతా కాకా అంటారు. ఇద్దరి తల మీదా అయిదు యూరోలకి బంగ్లాదేశ్ కుర్రాళ్లు అమ్మే రోమా అని రాసిన నీలం టోపీయే. ఇద్దరికీ లెక్క కుదరలేదు. గుండ్రటి స్తంభాలు కాక పలకలుగా ఉన్న స్తంభాలు ఇంకో 88 ఉన్నాయి. వాటిని కలపాలని కాకా, కలపకూడదని బాబాయి గారు. ఈ వాదం సగం హిందీలో, సగం ఇంగ్లీషులో సాగుతూ బస్సుల దాకా వచ్చింది.

బస్సులు ఆగేది జానికులం కొండ కింద. 2000లో క్యాథలిక్‌ల పవిత్ర సంవత్సరం, జూబిలీ, కోసం కొండలో అంతస్తులుగా కట్టిన గరాజ్ అది. ఎస్కలేటర్ దిగితే మసక వెలుతురు, ఎటు చూసినా తెల్ల బస్సులు. మా బస్సూ కాకా వాళ్ల బస్సూ పక్కపక్కనే ఆగాయి. రెంటిలోనూ మనవాళ్లే, రెంటిలోనూ ఏసీ, రెంటిలోనూ ఎవరో చేగోడీలో చక్రాలో నములుతున్న చప్పుడు.

కుర్రాడు మా బస్సెక్కి సీట్ల మధ్య నడుస్తూ లెక్కపెట్టాడు. ముందు సీట్లో నీలం టోపీ ముఖం మీదికి లాక్కుని బాబాయి గారు అప్పుడే గుర్రు పెడుతున్నారు. పిన్ని గారు ఎప్పట్లాగే వెనక సీట్లో ఆడవాళ్లతో ఉన్నారు. ఫ్లారెన్స్‌లో తోలు సంచి కొన్నప్పటి నుంచి దంపతులు వేర్వేరు సీట్లలో ప్రయాణిస్తున్నారు. "నలభై రెండు, ఫుల్" అన్నాడు కుర్రాడు. బస్సు కదిలింది.

టైబర్ నది ఒడ్డు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఇక తప్పదని కుర్రాడు ఫీడ్‌బ్యాక్ ఫారాలు తీశాడు. అందరికీ పంచి, చివరికి ముందు సీటు దగ్గరికి వెళ్లి, "బాబాయి గారూ, ఫారం" అని టోపీకి చెప్పి, ఒళ్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. పది నిమిషాల తరవాత వెళ్లి తెచ్చుకున్నాడు. చూస్తే భోజనం, హోటళ్లు, బస్సు, టూర్ మేనేజర్ ప్రవర్తన, అన్నిటికీ ఎక్సలెంట్. కుర్రాడు నా సీటు దాకా వచ్చి, "సార్, చూడండి సార్" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "మనిషిని మనం తప్పుగా అర్థం చేసుకున్నాం సార్."

కింద సంతకం చూశాను. అర్థం కాలేదు. బ్యాంకువాళ్ల సంతకాలు ఎప్పుడు అర్థమయ్యాయని సరిపెట్టుకున్నాను. పక్క సీటు డాక్టర్ గారు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది గుజరాతీ" అన్నారు.

కుర్రాడు ముందుకి పరిగెత్తి టోపీ ఎత్తాడు. కాకా కళ్లు తెరిచి, చుట్టూ చూసి, చిరునవ్వు నవ్వాడు. తమ కంపెనీ కూడా ఇవాళ ఫారాలు ఇస్తామంది, నిద్రమత్తులో కళ్లజోడు లేకుండా మొదటి గడులన్నీ టిక్ పెట్టేశానన్నాడు. బస్సులో పాటలు తేడాగా ఉన్నాయని అనిపించిందిట కానీ, డ్రైవర్ ఇష్టమేమోలే అనుకున్నాడట.

కుర్రాడు మళ్లీ లెక్కపెట్టాడు. నలభై రెండు. ఇంకోసారి పెట్టాడు. నలభై రెండే. "లెక్క కరెక్టుగానే వస్తోంది సార్ మరి!" అన్నాడు ఏడుపు గొంతుతో.

పిన్ని గారికి ఎలా చెప్పాలా అని అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. టీచరమ్మ ధైర్యం చేసి చెప్పారు. పిన్ని గారు చేతిసంచి జిప్పు తీసి చూసుకుని, "పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది" అన్నారు. కాసేపాగి, "మరీ హడావిడి పడకండి బాబూ. ముంబయివాళ్లంటే మంచివాళ్లే అయ్యుంటారు" అన్నారు.

బాబాయి గారికి ఫోన్ చేద్దామంటే ఆయన రోమింగ్ వేయించుకోలేదు, హోటల్ వైఫై చాలన్నారు. కాకా ఫోన్ ఆ బస్సులో చార్జింగ్‌లో ఉంది. బస్సు వెనక్కి తిప్పమంటే డ్రైవర్ ట్యాకోగ్రాఫ్ చూపించాడు. రోజుకి తొమ్మిది గంటలే తోలాలి, నాలుగున్నర గంటలకోసారి ముప్పావుగంట ఆగాలి, అంతా ఆ డబ్బాలో రికార్డవుతుంది. మిగిలిన టైము రెస్టారెంట్‌కీ హోటల్‌కీ చాలీచాలకుండా ఉంది. ఈ రూలు తమ లారీ డ్రైవర్లకి ఎవరూ చెప్పొద్దని భీమవరం ఆసామి మధ్యలో ప్రాధేయపడ్డాడు.

చివరికి కుర్రాడు అవతలి టూర్ మేనేజర్ నంబర్ సంపాదించి ఫోన్ చేశాడు. ఆయన లేచి లెక్కపెట్టుకుని, "మావాళ్లు నలభై ఆరుగురూ ఉన్నారు. మీవాడు మా బస్సులో ఎందుకుంటాడు?" అని విసుక్కుని పెట్టేశాడు. ఆయన లెక్కా కరెక్టే.

అదృష్టమేమిటంటే, రోమ్‌లో మన గ్రూపులు పగలు ఎక్కడ తిరిగినా రాత్రికి చేరేది తెర్మినీ స్టేషన్ చుట్టుపక్కల ఉన్న ఇండియన్ రెస్టారెంట్లకే. కాకా జేబులో కాగితం తీస్తే వాళ్ల భోజనమూ మాదీ ఒకచోటే. వాళ్లకి ఏడింటికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా. మాకు ఎనిమిదింటికి అన్నీ వేసి.

మేం వెళ్లేసరికి బాబాయి గారు పెద్ద టేబుల్ మధ్యలో కూర్చుని ఉన్నారు. బస్సులో ఆయనకీ ఏ అనుమానమూ రాలేదు, ఎక్కగానే నిద్రపట్టేసింది. మధ్యలో ఎవరో భుజం తట్టి కవరు ముందు పెట్టారట. కళ్లు సగం తెరిచి చూస్తే అందరూ ఇరవై యూరోల నోట్లు వేస్తున్నారు, ఆ మత్తులో తనూ వేసేశారు. జీవితంలో ఓచర్ లేకుండా చేసిన మొదటి చెల్లింపు అది. రెస్టారెంట్‌లో పప్పు నోట్లో పెట్టుకున్నాక, అది తియ్యగా ఉండటం చూసి, ఇది మన గ్రూపు కాదని పసిగట్టారు. అప్పటికీ లేవలేదు, పూరీలు వేడిగా వస్తున్నాయని.

ఎలా జరిగిందంటే ఉప్పు సీసా, మిరియాల సీసా పక్కపక్కన పెట్టి వివరించారు. "ఇవి రెండు బస్సులు. మధ్యలో మేమిద్దరం. మన దగ్గర బస్సు డోరు ఎడమవైపు, ఇక్కడ కుడివైపు. కాబట్టి మేం నిలబడ్డ సందులోకి ఒక్క బస్సు డోరే కనిపిస్తుంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ అందులో ఎక్కేశాడు. ఆయన ఎక్కింది ఆయన బస్సే కదా! అయితే మిగిలింది నాది. అటు తిరిగి వెళ్లి ఎక్కాను. నా తర్కంలో తప్పు చూపించండి."

ఎవరూ చూపించలేకపోయాం.

"దీన్ని కాంపెన్సేటింగ్ ఎర్రర్ అంటారు" అని కుర్రాడి వైపు తిరిగారు. "ఇటొక తప్పు, అటొక తప్పు. రెండూ సమానమైతే ట్రయల్ బ్యాలెన్స్ ట్యాలీ అయిపోతుంది. అందుకే మేం టోటల్ ఒక్కటే చూడం, ఎంట్రీలు చూస్తాం. నువ్వు తలలు లెక్కపెట్టావు, ముఖాలు చూడలేదు."

"టోపీ ఉంది బాబాయి గారూ" అన్నాడు వాడు నీరసంగా.

ఆ తరవాత ఇరవై యూరోల పంచాయితీ. కవరు అప్పటికే వాళ్ల డ్రైవర్ చేతికి వెళ్లిపోయింది, వెనక్కి అడగలేనన్నాడు అవతలి టూర్ మేనేజర్. బాబాయి గారు ఇంటర్ బ్రాంచ్ సర్దుబాటు ప్రతిపాదించారు. తను కాకా డ్రైవర్‌కి కట్టారు గనక, కాకా మా డ్రైవర్‌కి కట్టాలి. వ్యాపారస్తుడు కదా, కాకాకి వెంటనే అర్థమైంది. ఇరవై యూరోల నోటు తీసి మా కవర్లో వేసి, "హిసాబ్ బరాబర్" అని చెయ్యి కలిపాడు. దాంతో మా గ్రూపు టిప్పుల్లో ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న బాబాయి గారి పేరు పక్కన టిక్ పడింది. స్తంభాల సంగతి మాత్రం తేలలేదు. పలకవి కలపాల్సిందేనంటూ కాకా వెళ్లి తన బస్సు ఎక్కాడు. ఈసారి ఇద్దరు టూర్ మేనేజర్లూ దగ్గరుండి ఎక్కించారు.

పిన్ని గారు అప్పటిదాకా పెరుగన్నం కలుపుకుంటూ ఏమీ మాట్లాడలేదు. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాక, "ఆ బస్సులో ముందు సీటు ఇచ్చారా?" అని మాత్రం అడిగారు.

భోజనాలయ్యాక కుర్రాడు మెల్లిగా ఆయన పక్కన చేరాడు. ఖాళీ ఫారం ఒకటి మిగిలి ఉంది. కానీ చేతిలో ఉన్నది కాకా నింపినది. "బాబాయి గారూ, సీటు మీదే, ఫారం మీ సీటుదే. దీన్నే ఉంచేద్దామా?" అన్నాడు. బాబాయి గారు కళ్లజోడు పెట్టుకుని అన్ని ఎక్సలెంట్లూ పైనుంచి కిందికి చదివారు. డైరీ తీశారు. బ్రసెల్స్ పేజీ, ఇన్స్‌బ్రుక్ పేజీ తిప్పారు. కూపన్లు గుచ్చిన గుండుసూది ఒకసారి సర్దారు. కుర్రాడు ఊపిరి బిగబట్టాడు.

"రాసేసిన పుస్తకంలో కాగితం చించకూడదు" అని, పెన్ను తీసి భోజనం దగ్గర ఎక్సలెంట్ కొట్టేసి యావరేజ్ అని దిద్దారు. మిగతావి ముట్టుకోలేదు. దిద్దినదాని పక్కన పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, కుర్రాడికి ఇచ్చారు.